'ఎ.సి.పి.' – ఒక సంక్షిప్త రూపంపై శబ్దార్థ విచారం

నానార్థ శబ్దవిచారం మన శాస్త్రాలలో చిరకాలంగా సాగుతూ వచ్చినది. అమరసింహుడు తన కోశంలోని తృతీయ కాండంలో నానార్థవర్గాన్ని ప్రత్యేకంగా కూర్చినాడు. భర్తృహరి వాక్యపదీయం ద్వితీయ కాండంలో సంయోగం మొదలుకొని స్వరం వరకు అర్థనిర్ణయ హేతువులను పరిగణించినాడు. మమ్మటుడు కావ్యప్రకాశంలో వాటినే వ్యంజనా నిరూపణానికి ఆధారం చేసుకొన్నాడు. ఈ చర్చలన్నీ ప్రధానంగా లోకవ్యవహారంలో సహజంగా పుట్టి పెరిగిన శబ్దాలను గూర్చినవి. ఇరవయ్యవ శతాబ్దంలో మరొక శబ్దజాతి విపరీతంగా వృద్ధి పొందినది. అది పదాల ఆద్యక్షరాలను ఏరి కూర్చిన సంక్షిప్త రూపం. ఒకే అక్షరాల కూర్పు పరస్పరం ఏ సంబంధమూ లేని రెండు మూడు శాస్త్రాలలో వేర్వేరు వస్తువులకు పేరుగా నిలవడం నేడు సర్వసాధారణం. తెలుగులో పారిభాషిక పదకోశాలు కూర్చేవారికి, శాస్త్ర గ్రంథాలను అనువదించేవారికి ఇది నిత్యం ఎదురయ్యే చిక్కు. దీనిని విచారించడానికి 'ఎ.సి.పి.' అనే రూపాన్ని ఉదాహరణగా స్వీకరిస్తున్నాను. ఇది ఆయుధవిద్యలో ఒక తూటా పేరు; జీవకణ శాస్త్రంలో ఒక ప్రోటీను పేరు.

ముందుగా ఆయుధవిద్య. ఇక్కడ ఈ మూడక్షరాల విగ్రహం 'ఆటోమాటిక్ కోల్ట్ పిస్టల్'. అమెరికాకు చెందిన ఆయుధ నిర్మాత జాన్ మోజెస్ బ్రౌనింగ్ (1855–1926) కోల్ట్ కంపెనీ పిస్తోళ్ల కోసం రూపొందించిన తూటాలకు ఈ పేరు వచ్చినది. వాటిలో ప్రసిద్ధమైనది పాయింట్ 45 ఎ.సి.పి. ఫిలిప్పీన్స్ యుద్ధరంగంలో పాయింట్ 38 రివాల్వర్ల తూటాలు శత్రువును నిలువరించలేకపోతున్నాయని అమెరికా సైన్యానికి అనుభవమైనది. 1904లో జరిపిన థాంప్సన్–లాగార్డ్ పరీక్షలు పాయింట్ 45 అంగుళానికి తగ్గని గుండు కావాలని సూచించినవి. ఆ కాలంలోనే బ్రౌనింగ్ ఈ తూటాను సిద్ధం చేసినాడు. దీనిని పేల్చే పిస్తోలును అమెరికా సైన్యం 1911 మార్చి 29న స్వీకరించినది; 1985లో బెరెట్టా పిస్తోలును ఎంపిక చేసేవరకు అదే వారి ప్రామాణిక పిస్తోలు. ఈ తూటాలోని గుండు సాధారణంగా 230 గ్రెయిన్లు, అంటే దాదాపు 15 గ్రాములు ఉంటుంది.

ఇక్కడ శబ్దశాస్త్రజ్ఞుడు గమనించవలసినవి రెండున్నవి. మొదటిది: విగ్రహవాక్యం చెప్పేది పిస్తోలును, పేరు నిలిచినది తూటాకు. ఆధారానికి చెందిన పేరు ఆధేయానికి సంక్రమించినది గనుక ఇది స్పష్టంగా లక్షణ. రెండవది: ఈ తూటాను నేడు కోల్ట్ కంపెనీతో ఏ సంబంధమూ లేని అనేక దేశాల నిర్మాతలు చేస్తున్నారు, కోల్ట్‌వి కాని పిస్తోళ్లలో పేలుస్తున్నారు. 'ఆటోమాటిక్' అన్న విశేషణం కూడా కచ్చితమైనది కాదు. ఈ పిస్తోలు తనంతట తాను తూటాను లోనికి తీసుకొంటుందే గాని, మీట నొక్కి ఉంచినంతసేపు వరుసగా పేలదు. యోగార్థంలోని మూడు భాగాలూ శిథిలమైపోయి రూఢి మాత్రమే మిగిలినది. దర్భలు తెచ్చేవాడనే అర్థం మరుగున పడి నేర్పరి అన్న అర్థంలో నిలిచిన 'కుశల' శబ్దం వంటిదే ఇదీ. ఐరోపాలో ఈ వర్గపు చిన్న తూటాలకు బ్రౌనింగ్ పేరే పెట్టినారు. అక్కడ 7.65 మిల్లీమీటర్ల బ్రౌనింగ్ అనేదే అమెరికాలో పాయింట్ 32 ఎ.సి.పి. అంటే ఒకే వస్తువుకు ఒకచోట శిల్పి పేరు, మరొకచోట వర్తకుని పేరు. మన దేశంలో ప్రభుత్వ ఆయుధ కర్మాగారాలు ఈ పాయింట్ 32 తూటాకు చేసిన పిస్తోలు పేరు 'అశని'. వజ్రాయుధానికి, పిడుగుకు చెల్లే సంస్కృత శబ్దాన్ని ఆ వర్గంలో చిన్నవాటిలో ఒకటైన తూటా పేల్చే పిస్తోలుకు పెట్టడం కొంత అతిశయోక్తియే అయినా, మూడు పొడి అక్షరాలకంటే వినసొంపుగా ఉన్నదని ఒప్పుకోవాలి.

ఇక జీవకణ శాస్త్రం. ఇక్కడ విగ్రహం 'ఆసైల్ క్యారియర్ ప్రోటీన్'. ఆసైల్ వాహక ప్రోటీను అని మనం చెప్పుకోవచ్చును. కణంలో కొవ్వు ఆమ్లాలు ఒక్కసారిగా తయారు కావు. రెండేసి కర్బన పరమాణువుల చొప్పున గొలుసు క్రమంగా పెరుగుతుంది. పెరుగుతున్న ఆ గొలుసును ఒక ఎంజైము నుండి మరొక ఎంజైముకు అందించే బోయీ ఈ ప్రోటీను. 1960వ దశకంలో రాయ్ వాగెలోస్, సలీ వాకిల్ మొదలైనవారి పరిశోధనశాలలు ఎషిరిషియా కోలై అనే బాక్టీరియాలో దీని స్వరూపాన్ని వెలికితీసినవి. ఆ బాక్టీరియాలోని ఈ ప్రోటీను చాలా చిన్నది; 77 అమైనో ఆమ్లాల కూర్పు. అందులో 36వ స్థానంలో ఉన్న సెరీన్‌కు ఫాస్ఫోపాంటెథీన్ అనే పొడవైన చేయి అతికి ఉంటుంది. ఈ చేయి పాంటోథెనిక్ ఆమ్లం, అంటే బి5 విటమిను, నుండి తయారవుతుంది. చేతి కొసన గంధకం ఉన్నది. గొలుసు ఆ గంధకాన్ని పట్టుకొని వేలాడుతుంది. రెండు కర్బనాలతో మొదలై ఏడు ఆవృత్తులు పూర్తి అయ్యేసరికి పదహారు కర్బనాల పామిటిక్ ఆమ్లపు గొలుసు సిద్ధమవుతుంది. చేయి అతకని స్థితిలో ఈ ప్రోటీను మోయలేదు. ఆ స్థితిని 'అపో', చేయి అతికిన స్థితిని 'హోలో' అన్న ఉపపదాలతో సూచిస్తారు. బాక్టీరియాలలోను, మొక్కల హరితరేణువులలోను ఇది విడిగా సంచరించే ప్రోటీను. జంతుకణాల కణద్రవ్యంలో మాత్రం కొవ్వు ఆమ్లాలను నిర్మించే పెద్ద ఎంజైములోనే ఒక భాగంగా ఇమిడిపోయి ఉంటుంది. మైటోకాండ్రియాకు మళ్ళీ తనదైన వాహకం వేరే ఉన్నది.

ఇక్కడ యోగార్థం సజీవం. పేరు విప్పితే పని తెలుస్తుంది. అయినా ఇది శుద్ధ యౌగికం కాదు. ఆసైల్ సమూహాన్ని సహాయక పదార్థంతో సహా పట్టుకొని తిరిగే ప్రోటీను మరొకటి కణంలో ఉన్నది. దానిని ఈ పేరుతో పిలవరు. బురదలో పుట్టినవన్నీ పంకజాలు కానట్లే, ఆసైల్‌ను మోసినవన్నీ ఎ.సి.పి.లు కావు. కనుక దీనిని యోగరూఢమనాలి. ఒకే రూపం ఒక శాస్త్రంలో రూఢం, మరొక శాస్త్రంలో యోగరూఢం కావడం విశేషం.

ఇప్పుడు ప్రశ్న: ఇది ఒక శబ్దమా, రెండు శబ్దాలా? అనేకార్థ శబ్దం ఒక్కటేనన్న పక్షం, అర్థం మారితే శబ్దమూ వేరేనన్న పక్షం రెండూ మన వైయాకరణులకు పరిచితమే. సైంధవ శబ్దానికి ఉప్పు, గుర్రం అని రెండర్థాలు. భోజన సమయాన అడిగితే ఉప్పు తేవాలి, ప్రయాణ సమయాన అడిగితే గుర్రం తేవాలి అన్నది పాఠశాలలో తొలినాడే వినే ఉదాహరణం. కాని ఆ రెండు అర్థాలకూ సింధు దేశమనే మూలం ఒక్కటే ఉన్నది. అక్కడ ఏకశబ్ద పక్షం నిలుస్తుంది. మన ఎ.సి.పి.కి అట్టి మూలమేదీ లేదు. ఒకదానిలో 'సి' ఒక వ్యాపారి ఇంటిపేరు, మరొకదానిలో మోసేది అనే అర్థంగల నామం. 'పి' ఒకచోట పిస్తోలు, ఒకచోట ప్రోటీను. కూడలిలో ఎదురైన ఇద్దరు బాటసారులకు ఎంత చుట్టరికమో ఈ రెంటికీ అంతే. కనుక ఇక్కడ శబ్దభేదమే యుక్తమని నా అభిప్రాయం. కోశకర్త దీనిని ఒకే ఆరోపం కింద 1, 2 అని సంఖ్యలు వేసి అర్థాలుగా ఇవ్వరాదు. వేర్వేరు ఆరోపాలుగా ఇవ్వాలి.

అట్లయితే ఈ సారూప్యం వల్ల పాఠకుడు భ్రాంతి పొందుతాడా? వెదకి చూచినా అట్టి సందర్భం దొరకడం కష్టం. 'మాలోనిల్' అన్న పదం పక్కన కనిపించిన ఎ.సి.పి.ని ఎవరూ తూటా అనుకోరు. ఇది శబ్దాంతర సన్నిధి. ముందు 'పాయింట్ 45' అని ఉన్నప్పుడు ఎవరూ ప్రోటీను అనుకోరు, ఇది లింగం. ఇవి లేకపోయినా ప్రకరణం ఒక్కటే చాలును. మన ముద్రణలోనే చూడండి. పద్యానికి ముందు 'ఉ.' అని ఉంటే ఉత్పలమాల, 'మ.' అని ఉంటే మత్తేభం. శుభలేఖలో ముహూర్తానికి ముందు అవే అక్షరాలు ఉదయం, మధ్యాహ్నం. లగ్నసమయాన్ని ఉత్పలమాలగా చదివి గణవిభజన చేసిన పండితుడు ఇంతవరకు పుట్టలేదు. ఆయుధవిద్యకు, కణశాస్త్రానికి నడుమ ఇట్టి సారూప్యం ఇంకొకటి కూడా ఉన్నది. 'జి.ఎ.పి.' అంటే అక్కడ గ్లాక్ కంపెనీ పిస్తోలు కోసం 2003లో వచ్చిన మరొక పాయింట్ 45 తూటా, ఇక్కడ జి.టి.పి. అనే అణువును విడగొట్టే ఎంజైములను వేగిరపరచే ప్రోటీను. దానివల్లనూ ఎవరికీ ఇబ్బంది కలిగినట్లు కనబడదు.

ఇబ్బంది కలిగేది మరొకచోట. అర్థాలు ఎంత దూరమైతే అంత నిరపాయం. ఎంత దగ్గరైతే అంత ప్రమాదం. ఈ సంగతి రెండు శాస్త్రాలలోను కనిపిస్తుంది.

కణశాస్త్రంలోనే ఎ.సి.పి.కి మరొక అర్థమున్నది: యాసిడ్ ఫాస్ఫటేజ్. ఆమ్ల మాధ్యమంలో పనిచేసి ఫాస్ఫేటును విడదీసే ఎంజైము ఇది. దీని విగ్రహం విచిత్రం. మూడు పదాల మూడు ఆద్యక్షరాలు కావు. 'యాసిడ్' అన్న ఆంగ్లపదపు మొదటి రెండక్షరాలు, 'ఫాస్ఫటేజ్' మొదటి అక్షరం కలిసి ఇదే రూపమైనది. ఈ ఎంజైము చరిత్ర చిన్నది కాదు. క్రిస్టియన్ డి డ్యూవ్ ఎలుక కాలేయంపై పనిచేస్తున్నప్పుడు, కణాలను నలిపిన వెంటనే కొలిస్తే ఈ ఎంజైము చర్య తక్కువగాను, కొన్ని రోజులు నిలవ ఉంచి కొలిస్తే ఎక్కువగాను కనిపించినది. ఏదో పొర దీనిని మూసి ఉంచుతున్నదని ఊహించి, ఆ పరిశోధన సాగించి 1955లో లైసోసోమ్ అనే కణాంగానికి పేరు పెట్టినాడు. 1974లో ఆయనకు నోబెల్ బహుమానం లభించినది. నేటికీ లైసోసోమ్‌ను గుర్తించడానికి ఈ ఎంజైమును చిహ్నంగా వాడుతారు. ప్రొస్టేట్ గ్రంథి క్యాన్సరును గుర్తించడానికి కూడా కొన్ని దశాబ్దాలు రక్తంలో దీనినే కొలిచినారు. ఇప్పుడు ఒకే కణంలో, ఒకే పాఠ్యగ్రంథంలో, రెండు అధ్యాయాల ఎడంలో రెండు ఎ.సి.పి.లు. రెండూ ప్రోటీనులే, ప్రకరణం రెంటికీ ఒకటే. పైగా ఎ.సి.పి.2, ఎ.సి.పి.5 అని సంఖ్యలతో కూడిన మానవ జన్యువుల అధికార నామాలు ఆమ్ల ఫాస్ఫటేజులవి. మానవ మైటోకాండ్రియాలోని ఆసైల్ వాహకపు జన్యువుకు పూర్తిగా వేరే పేరున్నది. బాక్టీరియాలో అయితే ఆ అక్షరాలతో మొదలయ్యే జన్యునామం ఆసైల్ వాహకానిదే. ఏ జీవిని గూర్చి మాట్లాడుతున్నారో తెలిస్తే తప్ప పేరు తేలదు. భర్తృహరి చెప్పిన 'దేశం' ఇక్కడ బాక్టీరియా శరీరం, మానవ శరీరం అన్న రూపం దాల్చినది.

తూటాలలోనూ ఇంతే. పాయింట్ 38 ఎ.సి.పి., పాయింట్ 380 ఎ.సి.పి. అని రెండున్నవి. గణితంలో చివరి సున్నకు విలువ లేదు. ఇక్కడ ఆ సున్నయే రెండు వేర్వేరు తూటాలను విడదీస్తున్నది. ఒకదాని గొట్టం పొడవు 23 మిల్లీమీటర్లు, మరొకదానిది 17. రెంటి గుండూ వ్యాసంలో నిజానికి 9 మిల్లీమీటర్లకు అటూ ఇటూ మాత్రమే. అంతకంటే అపాయకరమైనది 1920వ దశకం చివర వచ్చిన 'పాయింట్ 38 సూపర్'. ఇది కొలతలలో పాయింట్ 38 ఎ.సి.పి.తో సమానం, పీడనంలో చాలా అధికం. పాత పిస్తోలులో చక్కగా ఇముడుతుంది. పేలిస్తే ఆ పిస్తోలు పగిలి చేతికే ముప్పు తేవచ్చును. ప్రోటీనుకూ తూటాకూ ఉన్న అగాధం ఎవరికీ హాని చేయదు; తూటాకూ తూటాకూ ఉన్న వెంట్రుకవాసి భేదం చేస్తుంది.

ఈ న్యాయం పాణినీయంలోనే ఉన్నదని చెబితే విజ్ఞులు ఆశ్చర్యపడరు. సంక్షేపానికి ఆయనను మించినవాడు లేడు గదా. 'అణ్' అన్న రూపం చూడండి. కుంభకార శబ్దంలో కృత్ప్రత్యయం అణ్. ఔపగవ శబ్దంలో తద్ధిత ప్రత్యయం అణ్. మాహేశ్వర సూత్రాలలో అది ప్రత్యాహారం. ప్రత్యయానికీ ప్రత్యాహారానికీ మధ్య వ్యాఖ్యాతలకు పెద్ద చిక్కు కలగలేదు, ప్రకరణమే తేల్చివేసినది. ఇణ్ శబ్దం ప్రత్యాహారమూ, పోవుట అనే అర్థంగల ధాతువూ అయినా అంతే. చిక్కంతా ప్రత్యాహారం లోపల వచ్చినది. ణకార అనుబంధం మొదటి సూత్రం చివర ఒకసారి, ఆరవ సూత్రం చివర మరొకసారి ఉన్నది. అణ్ అన్నప్పుడు మొదటి ణకారం వరకా, రెండవదాని వరకా? మొదటిదాని వరకైతే మూడు వర్ణాలు. రెండవదాని వరకైతే అచ్చులన్నీ, హ య వ ర లలు చేరుతాయి. పతంజలి దీనిని మహాభాష్యంలో విచారించినాడు. సవర్ణగ్రహణాన్ని విధించే 1-1-69 సూత్రంలో మాత్రమే అణ్ పర ణకారంతోననీ, మిగిలిన చోట్ల పూర్వ ణకారంతోననీ, ఇణ్ సర్వత్ర పర ణకారంతోననీ సంప్రదాయం నిర్ణయించినది. సందేహం కలిగినంత మాత్రాన లక్షణం లక్షణం కాకపోదనీ, వ్యాఖ్యానం వల్ల విశేషం తెలుసుకోవాలనీ చెప్పిన పరిభాష ఈ సందర్భంలోనే మనకు పనికివచ్చేది. నాగేశుడు పరిభాషేందుశేఖరాన్ని ఆ పరిభాషతోనే ఆరంభించినాడు. వ్యాఖ్యాన పరంపర తెగని చోట ఈ ఉపాయం నిలుస్తుంది. సంక్షిప్త రూపాన్ని దాని వ్యాఖ్యానం నుండి వేరుచేసి మరొక భాషలోనికి ఎత్తిపోసినప్పుడు ఏమవుతుందన్నదే మన ప్రశ్న.

తెలుగు లిపిలోకి వచ్చినప్పుడు ఈ రూపాలు రెండు ఆధారాలను పోగొట్టుకొంటాయి. ఆంగ్లంలో కొందరు ఆమ్ల ఫాస్ఫటేజును రాసేటప్పుడు నడిమి అక్షరాన్ని చిన్నబడిగా రాసి వాహక ప్రోటీను నుండి వేరుచేస్తారు. మన లిపిలో పెద్దబడి, చిన్నబడి లేవు. 'ఎ.సి.పి.' అన్న లిప్యంతరీకరణలో ఆ భేదం మాసిపోతుంది. అర్థనిర్ణయ హేతువులలో స్వరం వేదంలోనే పనిచేస్తుందనీ, కావ్యంలో పనిచేయదనీ ఆలంకారికులు అన్నారు. బడిభేదం కూడా ఒక విధమైన స్వరమే. మాతృలిపిలో ఉండి అన్యలిపిలో లేనిది. ఇంద్రశత్రు శబ్దంలో స్వరం తప్పి సమాసమే మారిపోయిన కథ ఎరిగినవారికి దీని బరువు వేరే చెప్పనక్కరలేదు.

రెండవది దశాంశ బిందువు. హైదరాబాదు, విజయవాడ, విశాఖపట్టణం వంటి నగరాలలో పత్రికాపాఠకునికి ఎ.సి.పి. అంటే సహాయ పోలీసు కమిషనరు. ఆయుధాలు పట్టుబడిన వార్తలో అధికారీ తూటా ఒకే వాక్యంలో కలిసే అవకాశమున్నది. 'ఎ.సి.పి. సమక్షంలో 32 ఎ.సి.పి. తూటాలు స్వాధీనం చేసుకొన్నారు' అన్న వాక్యాన్ని కల్పించి చూడండి. అధికారికీ తూటాకూ సందేహం లేదు. సామర్థ్యం వల్లనే తేలుతుంది. కాని బిందువు జారిపోయిన ఆ 32 ఏమిటి? తూటాల సంఖ్యయా, కొలతయా? ఏ ప్రకరణమూ దీనిని తేల్చదు. పోనీ ఎ.సి.పి. అన్నది తీసివేసి 'పాయింట్ 32 తూటాలు' అంటే మరొక చిక్కు: మన ఆయుధ కర్మాగారాలు పాయింట్ 32 కొలతలో పిస్తోలునూ చేసినవి, రివాల్వరునూ చేసినవి, రెంటి తూటాలూ వేరు. పిస్తోలు తూటాకు ఎ.సి.పి. అన్నదే గుర్తు. అప్రధానమని తోచిన మూడక్షరాలు పంచనామాలో ప్రధాన సాక్ష్యం కావచ్చును.

కనుక కోశనిర్మాతలకు నా సూచనలు స్వల్పం. దూరార్థాలకు శాస్త్రనామాన్ని తెలిపితే చాలును: ఆయుధ., జీవ., పాలన. అని. సమీపార్థాలకు అది చాలదు. విగ్రహవాక్యాన్ని పూర్తిగా ఇవ్వాలి, ఏ అక్షరం ఏ పదానిదో చూపాలి. జీవశాస్త్ర పాఠ్యగ్రంథాలలో వాహక ప్రోటీనుకు మాత్రమే ఎ.సి.పి. అన్న రూపాన్ని ఉంచి, రెండవదానిని ఎల్లవేళలా 'ఆమ్ల ఫాస్ఫటేజ్' అని పూర్తిగా రాయడం మేలు. ఎందుకంటే రెండవది తెలుగులో రెండు మాటలతో ముగుస్తుంది, చదవడానికి భారం కాదు. మొదటిదానికి మూడు మాటలు కావాలి, పైగా అపో, హోలో అన్న ఉపపదాలు దానిని ఎప్పుడూ అంటిపెట్టుకొనే ఉంటాయి. తూటాల విషయంలో బిందువును అంకెగా కాక 'పాయింట్' అని అక్షరాలలో రాయడం పోలీసు వ్యవహారంలో వాడుకలో ఉన్నదే. పత్రికలూ, అనువాదకులూ దానినే పాటించవచ్చును. పాయింట్ 380లోని చివరి సున్నను మాత్రం ఏ ముద్రణశోధకుడూ అనవసరమని తీసివేయకుండా కోశంలో ఆ ఆరోపం పక్కన ఒక మాట రాసి ఉంచాలి.